ఈ కల్లెన్ ఎవురప్పా?

గత మే నెలలో మా స్నేహితుడి కూతురు యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేసింది. పట్టా పుచ్చుకోవడం చూడటానికి ధర్మవరం నుంచి వాళ్ల తాత కూడా వచ్చారు. అంతా అయ్యాక, పార్కింగ్‌లో ఎండలో నిలబడి, మనవరాలి చేతిలో ఉన్న ప్రోగ్రాం పుస్తకం తీసుకున్నారు. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివారు: కల్లెన్ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్. తలెత్తి నన్ను అడిగారు. "ఈ కల్లెన్ ఎవురప్పా?"

నేనూ అక్కడే చదివాను. రెండేళ్ల పాటు ఆ పేరు రాసి ఉన్న గోడల మధ్యే తిరిగాను. పరీక్షల టెన్షన్, అసిస్టెంట్‌షిప్ వస్తుందో రాదో అన్న బెంగ. ఆ పేరు ఎవరిదని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆయిల్ కంపెనీల్లోనే ఉద్యోగం చేశాను. అయినా ఆ పెద్దాయనకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. "ఎవరో ఆయిల్ కోటీశ్వరుడు మామా" అన్నాను. ఆయన "ఊఁ" అని ఊరుకున్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు.

అప్పటి నుంచీ ఈ టెక్సస్ ఆయిల్ కుబేరుల జీవితాలు వెతుక్కుని చదువుతున్నాను. వాటి గురించి ఇక్కడి మన తెలుగు సంఘం సభ్యులతో ఒక మాట చెప్పాలనే ఈ వ్యాసం.

హ్యూ రాయ్ కల్లెన్ 1881లో టెక్సస్‌లోనే పుట్టాడు. పన్నెండేళ్లకే బడి మానేసి, వారానికి 3 డాలర్ల జీతానికి మిఠాయి ఫ్యాక్టరీలో సంచులు నింపాడు. తర్వాత పత్తి వ్యాపారం చేశాడు. 1911లో హ్యూస్టన్ చేరి, ఆయిల్ లీజులు కుదిర్చే పనిలోకి దిగాడు. లైబ్రరీలో భూగర్భశాస్త్రం పుస్తకాలు ముందేసుకుని సొంతంగా చదువుకున్నాడు. వాగుల వంపులూ నేల ఎత్తుపల్లాలూ చూసి కింద ఏముందో అంచనా వేసేవాడు. ఇక్కడేం లేదని వేరేవాళ్లు వదిలేసిన చోట్లకే వెళ్లి, ఇంకా లోతుకు తవ్వి చమురు తీశాడు. పియర్స్ జంక్షన్, బ్లూ రిడ్జ్, రాబ్స్ రిడ్జ్. ఈ చివరి రెండూ ఫోర్ట్ బెండ్ కౌంటీలోవి. మనలో సగం మంది ఇళ్లు కొనుక్కున్న కౌంటీ అది. మనం ఉగాది పచ్చడి పంచుకునే నేల కిందే ఆయన బావులు ఉండేవి.

వాగులు చూసి చమురు చెప్పేవాడని చదివినప్పుడు మా ఊరు కళ్ల ముందుకొచ్చింది. మాది అనంతపురం దగ్గర పల్లె. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచి, కాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని చెప్పే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన చూపించిన చోటే మా నాన్న బోర్లు వేయించారు. బోరు బండి వచ్చిందంటే ఊరంతా చుట్టూ చేరేది. తెల్లటి రాతి పిండి ఎగిరి వేపచెట్టు మీద, మా అమ్మ చీర మీద, మా తలల మీద పడేది. పిండి తడిగా వస్తుందేమోనని నాన్న గుప్పిట్లోకి తీసుకుని పిసికి చూసేవారు. మూడు బోర్లకు పొడి పిండే వచ్చింది. నాలుగోదాంట్లో ఇంచున్నర నీళ్లు పడ్డాయి. మూడేళ్లకు అదీ ఎండిపోయింది.

ఆయిల్ పరిశ్రమలో చమురు పడని బావిని డ్రై హోల్ అంటారు. మీటింగుల్లో ఆ మాట వినబడినప్పుడల్లా నాకు మా నాన్న గుప్పిట్లోని ఆ పిండే గుర్తొచ్చేది. కల్లెన్ పని కూడా అలాంటి జూదమే. ధైర్యంలో, మొండితనంలో ఆయన మా నాన్న కంటే ఎక్కువా తక్కువా అని నేను తూచలేను. వాళ్ల వెనక నిలబడిన వ్యవస్థల్లో ఉన్న తేడా మాత్రం చెప్పగలను.

అమెరికాలో భూమి ఎవరిదైతే, వాళ్లు అమ్ముకోకుండా ఉంచుకున్నంత కాలం కింద ఉన్న చమురు కూడా వాళ్లదే. అందుకే రైతు దగ్గరికి నేరుగా వెళ్లి లీజు రాయించుకోవచ్చు. చమురు పడితే ఆ రైతుకు రాయల్టీ వస్తుంది, ఎనిమిదో వంతు ఇవ్వడం ఒకప్పటి ఆనవాయితీ. మన కోనసీమలో కొబ్బరితోట కింద గ్యాస్ పడితే ఆ తోట రైతుకు దక్కేది పైనేలకు ఇచ్చే పరిహారమే. కింద ఉన్నది ప్రభుత్వానిది. ఏది మంచి పద్ధతి అన్న వాదన ఇప్పుడొద్దు. టెక్సస్‌లో ఇంతమంది ఆయిల్ కుబేరులు పుట్టుకురావడానికి ఈ చట్టం ఒక పెద్ద కారణం.

రెండోది పన్ను. ఎండిన బావికి పెట్టిన ఖర్చును ఆదాయంలో మినహాయించుకోవచ్చు. చమురు పడిన బావికైతే ఇంకో వరం ఉంది. 1926 నుంచి 1969 దాకా బావి మీద వచ్చే స్థూల ఆదాయంలో 27.5 శాతం వరకు పన్ను పడేది కాదు. భూమిలో సరుకు తరిగిపోతోంది కాబట్టి ఆ తరుగుకు మినహాయింపు అన్నారు. బావి తవ్వడానికి పెట్టిన డబ్బంతా తిరిగొచ్చాక కూడా ఆ మినహాయింపు ఆగేది కాదు. మా నాన్న మూడు బోర్ల అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీతో, నేను ఉద్యోగంలో చేరేదాకా తీరలేదు.

మూడోది ధర. 1930 అక్టోబరులో డాడ్ జాయినర్ అనే డెబ్భై ఏళ్ల ముసలాయన తూర్పు టెక్సస్‌లో, నిపుణులందరూ వద్దన్న చోట, మూడో ప్రయత్నంలో చమురు తీశాడు. అది అప్పటిదాకా అమెరికా చూడనంత పెద్ద నిక్షేపం. ఇప్పటికి 500 కోట్ల బ్యారెళ్లకు పైగా తీశారు. రెండు నెలలు తిరక్కుండానే హెచ్.ఎల్. హంట్ అనే ఆయిల్ వ్యాపారి డల్లాస్ హోటల్ గదిలో జాయినర్‌ను కూర్చోబెట్టి ఆ లీజులు కొనేశాడు. చేతికిచ్చిన నగదు 30,000 డాలర్లు. మొత్తం ధర 13 లక్షల 35 వేల డాలర్లు, అందులో ఎక్కువ భాగం ఆ చమురులోంచే మెల్లమెల్లగా కట్టేలా. హంట్ లోకంలోకెల్లా ధనవంతుల్లో ఒకడయ్యాడు. జాయినర్ 1947లో పోయేనాటికి పెద్దగా మిగిలింది లేదు. ఆ నేల మీద అందరూ ఎగబడి తవ్వేసరికి 1931లో బ్యారెల్ ధర పది సెంట్ల దాకా పడిపోయింది. అప్పుడు గవర్నర్ రాస్ స్టెర్లింగ్ నేషనల్ గార్డ్ సైనికులను పంపి బావులు మూయించాడు. ఆ గవర్నరు హంబుల్ ఆయిల్ అనే కంపెనీ స్థాపకుల్లో ఒకడు. ఆ తర్వాత ఎవరు ఎంత తోడాలో రైల్‌రోడ్ కమిషన్ లెక్కగట్టి చెప్పేది. పేరు రైల్‌రోడ్ అయినా, టెక్సస్‌లో ఆయిల్ మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ అదే. ధర నిలబడింది, ఆస్తులు నిలబడ్డాయి. టమాటా ధర పడిపోయి మదనపల్లె రోడ్ల మీద పారబోసిన రోజున ఏ సైన్యం వచ్చింది?

తూర్పు టెక్సస్ గురించి ఇంకొకటి చెప్పాలి. అక్కడ న్యూ లండన్ అనే చిన్న ఊరుంది. ఆయిల్ పన్నుల డబ్బుతో ఆ పల్లెలో పట్నాల్లో కూడా లేనంత మంచి బడి కట్టారు. 1937 మొదట్లో గ్యాస్ బిల్లు తగ్గుతుందని, నెలకు కొన్ని వందల డాలర్లు మిగులుతాయని, పక్కనే పోతున్న ఆయిల్ కంపెనీ పైపు నుంచి వృథా గ్యాస్‌ను బడికి కలుపుకున్నారు. చుట్టుపక్కల చాలామంది అదే చేసేవారు, కంపెనీలూ చూసీ చూడనట్టు ఊరుకునేవి. ఆ గ్యాస్‌కు వాసన లేదు. లీకై బడి కింద నిండిపోయింది, ఎవరికీ తెలియలేదు. మార్చి 18 మధ్యాహ్నం మూడు దాటాక వడ్రంగం నేర్పే మాస్టారు కరెంటు మెషీన్ స్విచ్ వేశాడు. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువ మంది పిల్లలు. రిగ్గుల మీద పనిచేస్తున్న తండ్రులు పని బట్టల్లోనే పరుగెత్తుకొచ్చి, రాత్రంతా శిథిలాలు ఎత్తిపోశారు. అదే వాళ్ల డబ్బుతో కట్టిన బడి, వాళ్ల పిల్లలే.

కొద్ది వారాల్లోనే టెక్సస్ ప్రభుత్వం గ్యాస్‌లో వాసన కలపాలని చట్టం చేసింది. మన ఇళ్లల్లో "గ్యాస్ వాసనొస్తోంది, స్టవ్ చూడు" అని అమ్మలు కేకేస్తారే, ఆ కుళ్లు గుడ్డు లాంటి వాసన గ్యాస్‌ది కానే కాదు, కావాలని కలిపింది. దాన్ని తప్పనిసరి చేయించింది ఆ పిల్లల చావే. ఆయిల్ డబ్బు కథ చెప్పేటప్పుడు ఈ పేజీ చింపేసి చెప్పడం నాకు చేతకాదు.

ఇక నాకు బాగా దగ్గరైన మనిషి జార్జ్ మిచెల్. ఆయన తండ్రి గ్రీసులో మేకలు కాసుకునే సవాస్ పారాస్కెవోపులోస్. 1901లో అమెరికా వచ్చి రైల్వే కూలీల్లో చేరాడు. జీతాలిచ్చే గుమాస్తాకు ఆ పేరు రాయడం రాక విసుగేసి, ఇకనుంచి నీ పేరు నా పేరే అన్నాడట. గుమాస్తా పేరు మైక్ మిచెల్. ఇంటిపేరు ముందా వెనకా అని ప్రతి ఫారమ్ దగ్గరా ఆగిపోయే మనకు ఆ తండ్రి పడ్డ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు. గాల్వెస్టన్‌లో బట్టలు ఇస్త్రీ చేసి, బూట్లు పాలిష్ చేసి కొడుకును పెంచాడు. జార్జ్ 1940లో టెక్సస్ ఎ అండ్ ఎం నుంచి పెట్రోలియం ఇంజనీరింగ్‌లో క్లాస్ ఫస్ట్ వచ్చాడు.

1980ల మొదట్లో ఆయన కంపెనీ డల్లాస్, ఫోర్ట్‌వర్త్ పక్కన బార్నెట్ అనే షేల్ రాతిలోంచి గ్యాస్ తీయాలని మొదలుపెట్టింది. రాయిలో గ్యాస్ ఉందని అందరికీ తెలుసు, బయటికి రాదనీ తెలుసు. సొంత ఇంజనీర్లే డబ్బు దండగ అన్నారు. దాదాపు 17 ఏళ్లు పట్టింది. 1998 ప్రాంతంలో ఖరీదైన జెల్ తగ్గించి, ఎక్కువగా నీళ్లు పంపి రాతిని పగలగొట్టే పద్ధతి పనిచేసింది. నాలాంటి వేలమందికి ఉద్యోగాలిచ్చిన షేల్ విప్లవం అక్కడ మొదలైంది. 2002లో కంపెనీని 300 కోట్ల డాలర్లకు పైగా ధరకు డెవాన్ అనే కంపెనీకి అమ్మారు.

మిచెల్ పట్టుదలకు నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ 17 ఏళ్లలో ప్రభుత్వం కూడా ఆయన పక్కన నడిచింది. షేల్ మీద ఇంధన శాఖ పరిశోధనలు అంతకు ముందు నుంచే సాగుతున్నాయి. ఇలాంటి గ్యాస్‌కు 1980 నుంచి పన్ను రాయితీ ఉండేది. 1991లో బార్నెట్‌లో మొదటి అడ్డబావి, అంటే రాతిపొర వెంట అడ్డంగా పోయే బావి, తవ్వినప్పుడు సర్కారు సాయం అందింది. ఆయన కట్టిన ద వుడ్‌లాండ్స్ పట్టణానికి కూడా 5 కోట్ల డాలర్ల అప్పుకు కేంద్ర ప్రభుత్వం హామీగా నిలబడింది. 2012లో ఇలా రాతిని పగలగొట్టే పద్ధతి, అంటే ఫ్రాకింగ్, మీద గట్టి నిబంధనలు పెట్టాలని అడిగిన వాళ్లలో ఈ మిచెల్ ఒకడు. తనకు బతుకునిచ్చిన పనికే కళ్లెం వేయమని అడిగాడు చూడండి, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన వార్షికోత్సవాల్లో సన్మానాలు చేసేటప్పుడు ప్రతి ఒక్కరినీ "ఒంటి చేత్తో, స్వయంకృషితో ఎదిగిన" అని పరిచయం చేస్తాం. రెండేళ్ల కిందట నన్నూ అలాగే పిలిచారు, చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ మాట నిజం కాదు. నేను అనంతపురం సర్కారు ఇంజనీరింగ్ కాలేజీలో చదివాను. నేను కట్టిన ఫీజు అక్కడ దీపాల ఖర్చుకైనా సరిపోయిందో లేదో. మిగతాది, బోర్లు ఎండిపోయిన మా ఊరి రైతులతో సహా, అందరూ కట్టారు. ఇక్కడికొచ్చాక నా ట్యూషన్ మాఫీ చేసిన యూనివర్సిటీ వెనక కల్లెన్ డబ్బుంది, టెక్సస్ జనం పన్నులున్నాయి. 2016లో బ్యారెల్ ధర 30 డాలర్ల కిందికి పడి నా ఉద్యోగం పోయినప్పుడు, మళ్లీ నిలదొక్కుకునేదాకా నిరుద్యోగ భృతి వచ్చింది. 2017లో హార్వీ తుఫాను వరదకు మా వీధి మునిగితే, మా అమ్మను పడవలో ఎక్కించుకుని తీసుకెళ్లినాయన పేరు కూడా నాకు తెలియదు.

కల్లెన్ తన ఆస్తిలో 90 శాతానికి పైగా బతికుండగానే ఇచ్చేశాడు. 1947లో ఫౌండేషన్ పెట్టి 16 కోట్ల డాలర్ల ఆయిల్ ఆస్తులు దానికి రాసిచ్చాడు. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ అప్పట్లో పనిచేసుకుంటూ చదువుకునేవాళ్ల కాలేజీ. వాళ్ల కోసం, వాళ్ల పిల్లల కోసమైతేనే ఇస్తానన్నాడు. హ్యూస్టన్ దగ్గరి హంబుల్ ఊళ్లో తన భూమిలో చమురు పడిన జార్జ్ హెర్మన్ 1914లో పోతూ ఆస్తిని పేదల ఆసుపత్రికి వదిలాడు. మన పిల్లల్లో ఎంతోమంది పుట్టింది ఆ పేరున్న ఆసుపత్రిలోనే.

కల్లెన్ మనల్ని రానిచ్చేవాడా అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 1948లో ఆయన వర్ణవివక్షను సమర్థించిన డిక్సీక్రాట్ల వైపు నిలబడ్డాడు. ఆయన పోషించిన యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులకు 1962 దాకా తలుపులు తెరవలేదు. అది తప్పు, ఆ తప్పును ఏ దానమూ మాఫీ చేయదు. ఆ తలుపులు తెరిపించడానికి పోరాడింది కూడా ఇక్కడి జనమే. వాళ్ల పోరాటం తర్వాతే, 1965 వలస చట్టంతో మనకు దారి దొరికింది. వాళ్లకూ మనం బాకీనే.

మనం పిసినారులం కాదు. గుడికి ఇస్తాం, సొంతూళ్లో బడికి గదులు కట్టిస్తాం, తుఫాను వస్తే గంటల్లో లక్షలు పోగేస్తాం. కానీ మన సంఘం ఖర్చుల్లో ఈ ఊరి పిల్లల కోసం, తెలుగు రాని పిల్లల కోసం పెట్టింది ఎంత? గత మూడేళ్ల లెక్కలు నేను చూశాను. సంగీత విభావరికి తెచ్చిన గాయకుల విమాన టికెట్లతో పోలిస్తే అది చెప్పుకోదగ్గ మొత్తం కాదు. నాకు బాధేసింది.

అందుకే వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఒక తీర్మానం పెడుతున్నాను. ఏటా వసూలయ్యే డబ్బులో పదో వంతు పక్కనబెట్టి, కమ్యూనిటీ కాలేజీలో చదివే స్థానిక పిల్లలకు ఫీజు కడదాం. తెలుగు వాళ్లే కావాలన్న షరతు వద్దు. సన్మానాల్లో ఆ "ఒంటి చేత్తో" అన్న మాట కూడా తీసేద్దాం. మొదటి చెక్కు రాసి కోశాధికారి గారికి ఇప్పటికే ఇచ్చాను.

పోయిన ఆదివారం ధర్మవరానికి ఫోన్ చేశాను. కల్లెన్ ఎవరో మామకు మొదటి నుంచీ చెప్పాను. మిఠాయి ఫ్యాక్టరీ, బావులు, అన్నీ విన్నారు. 1936లో ఆయన ఒక్కగానొక్క కొడుకు రాయ్ గుస్టావ్ ఆయిల్ రిగ్గు కూలి చనిపోయాడని, ఆ కొడుకు పేరు మీదే యూనివర్సిటీకి మొదటి భవనాల్లో ఒకటి కట్టించాడని చెప్పేసరికి అటువైపు కాసేపు మాట లేదు.

"ఆ బిల్డింగు ఇంకా ఉందా అప్పా?"

"ఉంది మామా. మీ మనవరాలు దాని పక్కనుంచే క్లాసుకి పోయేది."

"ఈసారి వచ్చినప్పుడు నన్ను ఆడికి తీసకపో" అన్నారు.