సమాధులు చెక్కినవాళ్ల ఊరు

ఈజిప్టులోని లక్సర్ నగరం మీద మీరు రాసిన వ్యాసంలో కర్నాక్ గుడి, రాజుల సమాధులున్న రాజుల లోయ గురించి చాలా బాగా రాశారు. కానీ ఆ సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరు దేర్ ఎల్ మెదీనాను ఒక్క వాక్యంతో దాటేశారు. నాకైతే అసలు కథంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ప్రహరీ లోపల గోడకు గోడ ఆనుకుని దాదాపు 68 ఇళ్లు. నీళ్లు కూడా కింద నుంచి గాడిదల మీద రావాల్సిందే. వాళ్లు సున్నపురాతి పెచ్చుల మీద, కుండ పెంకుల మీద రాసుకున్న లెక్కలు వేలల్లో దొరికాయి. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ కాలం నాటి హాజరు పట్టీ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎవరు ఎందుకు రాలేదో అందులో రాశారు: ఒకడికి తేలు కుట్టింది, ఇంకొకడు ఇంట్లో బీరు కాస్తున్నాడు! మన ఆఫీసు సెలవు చీటీలు వీటి ముందు ఏపాటి?

క్రీ.పూ. 1157 ప్రాంతంలో, మూడో రామ్సెస్ పాలన 29వ ఏట, జీతంగా ఇవ్వాల్సిన ధాన్యం అందక వీళ్లు పని ఆపేసి గుడి దగ్గర బైఠాయించారు. లిఖితంగా దొరికిన తొలి సమ్మె ఇదేనంటారు. ఆ సంగతి రాసిన పాపిరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసిన కాగితం) ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. వీలైతే ఈ ఊరి మీద విడిగా ఒక వ్యాసం రాయండి సార్.