ఉచితం సరే, ఫైలు ఎవరిది?

2025 అక్టోబరు 14 తర్వాత బెంగళూరు ఎస్పీ రోడ్డులోని కంప్యూటర్ దుకాణాలకు కొత్త బేరం వచ్చిపడింది. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఓ మాదిరి కొత్త ప్రాసెసర్ కావాలి. 2015లో కొన్న నా ల్యాప్‌టాప్‌ను తీసుకువెళితే, దుకాణం కుర్రాడు నా కన్నడం విని జాలిపడి తెలుగులోకి మారాడు. "కొత్తది తీసుకోండి సార్. లేదంటే ఐదు వందలివ్వండి, అడ్డదారిలో పదకొండు ఎక్కిస్తాను" అన్నాడు. మూడో దారి అతను చెప్పలేదు. పాత డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించుకుని, ఇంటికొచ్చి, విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంలో ఒక రకమైన లినక్స్ మింట్ ఎక్కించుకున్నాను.

ఈ ఊళ్లో ఆ మూడో దారి ఇళ్లలో ఎవరూ పట్టకపోవడమే వింత. మారతహళ్లి, వైట్‌ఫీల్డు ఆఫీసుల్లో పగలంతా లినక్స్ సర్వర్లతో కుస్తీ పట్టే తెలుగువాళ్లకు కొదవ లేదు. జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే. వాళ్లే ఇంటికి చేరాక, పిల్లవాడి ప్రాజెక్టు కోసం దొంగ తాళంతో తెరిచిన ఆఫీసు ప్యాకేజీలో కూర్చుంటారు.

కారణం నాకు తెలిసి ఒకటే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, ప్రోగ్రామును నడుపుకునే, చదివి చూసే, మార్చుకునే, పంచుకునే హక్కుల గురించి మాట్లాడాడు. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటే ఉండడంతో ఆయనకు వివరణలు ఇచ్చుకోవడమే సరిపోయింది. మనకు ఉచితం, స్వేచ్ఛ అని రెండు మాటలుండి కూడా మనం మొదటిదే పట్టుకున్నాం. తీరా చూస్తే ఆ మాటకు ఇక్కడ విలువ లేదు. పైరసీ అలవాటైన ఇంట్లో అన్నీ ఉచితమే. ఊరికే వచ్చినదాన్ని వదిలి ఊరికే వచ్చేదానికి మారమంటే ఎవరు మారతారు?

నన్ను మార్చింది ధర కాదు, ఉగాది సంచిక. మా కాలనీ తెలుగు సంఘం ఏటా తెచ్చే సంచికల్లోంచి మంచివి ఏరి ఒక సంపుటి వేద్దామనుకున్నాం. పన్నెండేళ్ల కిందటి సీడీ దొరికింది, ఫైళ్లూ తెరుచుకున్నాయి. కానీ పద్యాలు ఉండాల్సిన చోట టోపీలు పెట్టుకున్న లాటిన్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు, కరెన్సీ గుర్తులు వరసగా నిలబడి ఉన్నాయి. సంచికను దిద్దిన డీటీపీ ఆపరేటరు ఊరు మారిపోయాడు. ఆయన వాడిన ఫాంటు ఒక యూఎస్‌బీ తాళంతో పనిచేసేది, ఆ తాళమూ ఆయనతోనే పోయింది. మన పద్యాలు మన దగ్గరే ఉన్నాయి, మనం చదవలేం.

జరిగింది ఇది. ఆ తరం ఫాంట్లు తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వేటికవి విడదీసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవి. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు, ఆ ఫాంటు తగిలిస్తే తెలుగులా కనిపించే బొమ్మల కూర్పు. ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. ప్రపంచ భాషల అక్షరాలకు ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటిచ్చింది. అయినా 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షన్ లేని, పేజీలు దిద్దే పేజ్‌మేకర్‌ను నమ్ముకున్న డీటీపీ కేంద్రాలు మనకు ఇంకా ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టను. చాలాకాలం వేరే దారి లేదు. పేజీలు దిద్దే స్క్రైబస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు భారతీయ లిపుల వత్తులను సరిగ్గా పేర్చడం వచ్చినది ఇటీవలే. 2024లో విడుదలైన 1.6లో ఆ సౌకర్యం ఉంది. సిలికానాంధ్ర పూనుకుని విడుదల చేసిన మండలి, గిడుగు, రామభద్ర వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. వాటికి తాళాలు లేవు.

అందుకే మారదలచినవారికి నేను చెప్పేది, ఆపరేటింగ్ సిస్టంతో మొదలుపెట్టవద్దని. ముందు ఫైళ్లు మార్చండి. విండోస్‌లోనే వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే స్వేచ్ఛా ప్యాకేజీ లిబ్రేఆఫీస్ వేసుకుని, 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఓడీఎఫ్ అనే, ఏ ఒక్క కంపెనీ సొంతమూ కాని ఫైలు పద్ధతిలో దాచుకోండి. ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ ఎలాగూ చాలామందికి తెలిసినవే. ఆరు నెలలు అలా గడిస్తే, కింద ఉన్నది విండోసా లినక్సా అన్నది పెద్ద విషయంగా తోచదు. తెలుగు టైపింగుకు ప్రభుత్వ ప్రమాణ కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ రెండూ లినక్స్‌లో ఉన్నాయి. నేను ఆర్‌టీఎస్ మనిషిని, వేళ్లు దారి తప్పలేదు.

అందరికీ ఇది కుదరదు. టాలీకి లినక్స్ రూపం లేదు గనుక దాని మీద లెక్కలు రాసుకునే దుకాణదారును మారమనడం అన్యాయం. ప్రింటరు డ్రైవరు కోసం నేనూ ఒక ఆదివారం పోగొట్టుకున్నాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడే మిత్రులు ఈ సంగతులు దాస్తారు, అది నాకు నచ్చదు. కేంద్ర ప్రభుత్వం 2015లోనే తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిస్తూ విధానం ప్రకటించింది. నింపి పంపమని ఇచ్చే దరఖాస్తు ఇప్పటికీ వర్డ్ ఫైలుగా వస్తే, పౌరుడు ఎంత మారినా సగమే మారినట్టు. ఒత్తిడి పెట్టాల్సింది అక్కడ.

ఇంకొక చిక్కు, ఈ ప్రోగ్రాములను రాసేవారికి అన్నం ఎవరు పెడతారన్నది. బెంగళూరుకే చెందిన షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024లో ఇందుకోసం ఏటా పది లక్షల డాలర్లు ఇచ్చే నిధి మొదలుపెట్టింది. ఊళ్లో ఉన్న కంపెనీల సంఖ్యతో పోలిస్తే ఇలా ఇచ్చేవాటి జాబితా ఇంకా చాలా పొట్టిది. దొంగ తాళానికి ఐదు వందలిచ్చే మనం లిబ్రేఆఫీస్‌కు అందులో సగం పంపామా? నేను పంపింది మొన్ననే, అదీ ఈ వ్యాసం రాయాలనుకున్నాక సిగ్గుపడి.

ఉగాది సంపుటి పని నడుస్తోంది. సీడీ పక్కన పడేసి, సంఘంలోని ఒక పెద్దావిడ బీరువాలో దాచిన అచ్చు ప్రతి తెచ్చుకుని నలుగురం మళ్లీ టైపు చేస్తున్నాం. మండలి ఫాంటులో ఇప్పటికి నలభై పేజీలు అయ్యాయి. చెదలు తిన్న రెండు పద్యాల్లో మాత్రం చివరి పాదాలు దొరకలేదు.