బ్లోయర్ ఆగితే గ్యాస్ కొట్టించకండి

కారులో ఏసీ, హీటర్ గాలిని తోసే బ్లోయర్ గురించి వాట్సాప్‌లో ఒక సందేశం బాగా తిరుగుతోంది. అందులో నాలుగు మాటలున్నాయి: గాలి ఆగిందంటే ఏసీ గ్యాస్ అయిపోయినట్టే, ఫ్యాను వేగం నాబ్ నాలుగో నంబరులో మాత్రమే తిరుగుతుంటే మోటారు పోయినట్టే, ఫ్యూజు పదే పదే పోతుంటే పెద్దది వేయాలి, ఏదీ తేలకపోతే మోటారు మార్చేయాలి. నాలుగూ తప్పే. మూడోదైతే ప్రమాదం కూడా.

మొదట గ్యాస్ సంగతి. బ్లోయర్ 12 వోల్టుల కరెంటుతో తిరిగే ఫ్యాను, గ్యాసుతో దానికి సంబంధం లేదు. గ్యాస్ తగ్గితే గాలి వస్తుంది గానీ చల్లగా ఉండదు. హీటరుకైతే అసలు గ్యాసే అక్కర్లేదు. ఇంజను వేడెక్కించిన కూలెంట్ హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్‌లో తిరుగుతుంది, దాని మీదుగా గాలిని తోసేది ఈ బ్లోయరే. ఫ్యాను చప్పుడు వినిపిస్తూ గాలి సన్నగా వస్తుంటే అది వేరే జబ్బు: ముందు కారులోకి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్, తర్వాత కూలింగ్ కాయిల్‌కు మంచు పట్టిందేమో చూడాలి.

నాలుగో నంబరు మాట అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేస్తుంది. చేత్తో తిప్పే నాబ్ ఉన్న కార్లలో 1, 2, 3 నంబర్ల కరెంటు, దాన్ని తగ్గించే రెసిస్టర్ గుండా పోతుంది. నాలుగోది దాన్ని తప్పించుకుని నేరుగా మోటారుకు అందుతుంది. కాబట్టి నాలుగులో జోరుగా తిరుగుతోందంటే మోటారు బతికే ఉంది, పోయింది రెసిస్టర్. అది గాలి గొట్టంలో, బ్లోయర్‌కు దగ్గర్లోనే ఉంటుంది. చాలా కార్లలో రెండు స్క్రూలు తీస్తే చేతికొస్తుంది. అప్పటిదాకా నడిచి ఉంటే కాలుతుంది, చల్లారనివ్వండి. దానికి వైర్లు కలిపే ప్లగ్గును, అంటే కప్లర్‌ను, కూడా చూడండి. పిన్నులు నల్లబడినా, ప్లాస్టిక్ కరిగినా వైరు ముక్కతో సహా కప్లర్ మార్చాలి, లేకపోతే కొత్త రెసిస్టర్ కూడా కాలుతుంది. ఎందుకు కాలిందో కూడా వెతకాలి: ఫిల్టర్ మూసుకుపోయి రెసిస్టర్‌ను చల్లబరిచే గాలి తగ్గిందా, ఆకులూ దుమ్మూ చేరి మోటారు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతోందా? ఆటోమేటిక్ ఏసీ కార్లలో ఈ రెసిస్టర్‌కు బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది కాబట్టి ఈ గుర్తు వాటికి వర్తించదు.

ఫ్యూజు దగ్గర ఒక్క ఆంపియరు కూడా పెంచకండి. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు చోట 40 పెడితే, ఫ్యూజు నిలిచి డ్యాష్‌బోర్డు వెనక వైరు కాలుతుంది. రాగితీగ చుట్టడం ఇంకా ఘోరం. ఎంత వేయాలో ఫ్యూజు బాక్సు మూత మీదే రాసి ఉంటుంది. పదే పదే పోతుంటే మోటారు కప్లర్ ఊడదీసి అదే రేటింగు ఫ్యూజు వేసి బ్లోయర్ ఆన్ చేయండి. ఫ్యూజు నిలిస్తే దోషం మోటారుది. మళ్లీ పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఎలుక కొరికిన చోటు కోసం వెతకండి.

మోటారు మార్చే ముందు పది నిమిషాల పరీక్ష చాలు. మోటారు చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. కప్లర్ తీయకుండా, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, నాబ్ చివరి నంబరుకు తిప్పి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ మొనలు వెనక నుంచి రెండు పిన్నులకూ ఆనించండి. కప్లర్ ఊడదీసి చూస్తే కాలిన కనెక్షన్ కూడా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. 12 దరిదాపుల్లో ఉన్నా మోటారు కదలకపోతే దాని మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. తిరగడం మొదలెడితే మోటారు లోపల కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయి, మోటారు మార్చాల్సిందే. రెండు పిన్నుల మధ్య సున్నా వచ్చి, ప్లస్ పిన్నుకూ బాడీకీ మధ్య 12 వస్తే ఎర్త్ వైపు తెగింది. అక్కడా సున్నాయే అయితే ఫ్యూజు, రిలే, స్విచ్ వరసగా వెనక్కి వెతుక్కుంటూ పోవాలి.