పియానో దాచేసిన 41 సెంట్లు

షడ్జం 240 హెర్ట్జ్ అనుకుందాం. దాని మీద స్వచ్ఛమైన అంతర గాంధారం, అంటే 5:4 నిష్పత్తి, 300 దగ్గర పలుకుతుంది. ఆ 300ను కొత్త షడ్జంగా పట్టుకుని మళ్లీ గాంధారం పాడితే 375. ఇంకోసారి పాడితే 468.75. పై షడ్జం ఉండేదేమో 480 దగ్గర. మూడు గాంధారాలు ఒకదాని మీద ఒకటి పేర్చినా స్థాయి (షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరం) నిండలేదు, 128:125 నిష్పత్తిలో చిన్న సందు మిగిలింది. పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని, అంటే సెమిటోన్‌ను, నూరు సెంట్లుగా లెక్కేస్తే ఈ సందు 41 సెంట్లు. పునరుజ్జీవన కాలపు ఇటలీలో దీన్ని డియేసిస్ అన్నారు. పియానో మీద ఇదే పని చేసి చూడండి, సందు కనబడదు. ఒక్కో గాంధారాన్ని దాదాపు 14 సెంట్లు పైకి సాగదీసి, మూడింటితో స్థాయిని సరిగ్గా మూసేశారు.

16వ శతాబ్దపు ఐరోపా గాత్ర సంగీతం మీద జరిగే చర్చ ఈ సందు దగ్గరే దారి తప్పుతోంది. ఆ కాలపు ఇటలీ సంగీతకారుడు, సిద్ధాంతకర్త నికోలా విచెంతీనో స్థాయిని 31 భాగాలు చేశాడన్న సంగతిని ఒక మేధావి చాదస్తంగా చెప్పి వదిలేయడం అలవాటైపోయింది. 1551లో రోమ్‌లో తోటి సంగీతకారుడు లుసితానోతో వాదం, ఓటమి, రెండు బంగారు స్కూదీల చెల్లింపు, 1555లో అచ్చయిన గ్రంథం, స్థాయికి 36 మెట్లున్న ఆర్కిచెంబాలో వాద్యం, ఈ కథంతా తెలిసిందే. కథలో పడి లెక్క చూడటం మానేశాం. అప్పటి గాయకుల చెవి కోరుకున్న స్వచ్ఛమైన గాంధారాన్ని చివరిదాకా నిలబెట్టాలంటే 31 దగ్గరికి రాక తప్పదు. ఆ మాటను దాటవేసి అతని సంగీతాన్ని పాడించబోతే అది అపశ్రుతిలాగే వినిపిస్తుంది.

లెక్క ఇలా నడుస్తుంది. స నుంచి ప, రి, ద, గ అని నాలుగు పంచమాలు ఎక్కితే గాంధారం వస్తుంది. పంచమాలు స్వచ్ఛంగా, 702 సెంట్ల చొప్పున ఉంటే ఆ గాంధారం 408 సెంట్ల దగ్గర పడుతుంది. చెవికి కావలసింది 386. తేడా 21.5 సెంట్లు, అంటే 81:80. మన శాస్త్రంలో ప్రమాణ శ్రుతిగా చాలామంది చెప్పే నిష్పత్తే ఇది. మీన్‌టోన్ శ్రుతి చేసేవాళ్లు ఈ 21.5ను నాలుగు పంచమాలకూ పంచి, ఒక్కోదాన్ని 5.4 సెంట్లు తగ్గించారు. పంచమం కాస్త మెత్తబడింది, గాంధారం నిక్కచ్చిగా నిలిచింది. అలా తగ్గించిన పంచమాలను ఎక్కుతూ పోతే 12 దగ్గర చుట్టు మూసుకోదు, 41 సెంట్ల తేడా వస్తుంది. 31 దగ్గర మాత్రం 6 సెంట్ల తేడాతో దాదాపు మూసుకుంటుంది. విచెంతీనో 31 ఇక్కడి నుంచి వచ్చింది. అతని లెక్కలో స్వరాంతరం, అంటే స నుంచి రి దాకా ఉన్న దూరం, ఐదు డియేసిస్‌లు. అందులో పెద్ద సెమిటోన్ మూడు, చిన్న సెమిటోన్ రెండు. స్వరం మీద ఒక చుక్క పెడితే ఒక డియేసిస్ పైకి పాడాలని గుర్తు.

చుక్క చూడగానే గాయకులు చేసే పొరపాటు ఒకటుంది. ఇప్పుడు పాడుతున్న స్వరం నుంచి ‘కాస్త పైకి’ జరగబోతారు. 41 సెంట్లను అలా అడ్డంగా కొలవడం ఎవరి గొంతుకూ సాధ్యం కాదు. ఒకరు 25 జరుగుతారు, ఇంకొకరు 70, నాలుగు గొంతులూ నాలుగు చోట్ల ఆగుతాయి. విచెంతీనో రాసిన తీరు చూస్తే ఆ అడుగు నిలువుగా తేలుతుంది. ఒక గొంతు డియేసిస్ జరిగిన చోట కింద కొత్త మేళనం (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపు) కుదురుతుంది, ఆ మేళనంలో గాంధారమో పంచమమో కావడం ఆ గొంతు పని. చేరాల్సిన మేళనాన్ని ముందే లోపల విన్నవాళ్లు జరగాల్సిన దూరం గురించి ఆలోచించనక్కర్లేదు, గొంతు దానంతటదే అక్కడికి చేరుతుంది. నన్నడిగితే ఈ సంగీతం మొత్తంలో ఇంతకన్నా అందమైన సంగతి లేదు.

సాధనకు దారి కూడా ఇందులోనే ఉంది. పియానో మూత వేసేయాలి. ఒక్క మంద్ర షడ్జం శ్రుతిగా పెట్టుకోవాలి. ముందు బాస్, టెనర్ (కింది రెండు మగ గొంతులు) పంచమం కలపాలి, గాంధారం పాడేవాళ్లు చివర్లో, మిగతావాళ్ల కన్నా తక్కువ గొంతుతో, వైబ్రాటో, అంటే గొంతు ఊపు, లేకుండా చేరాలి. గొంతు పైకీ కిందికీ చెరో 50 సెంట్లు ఊగుతుంటే 41 సెంట్ల సంగతి ఎవరికీ వినబడదు. కుదిరిందో లేదో చెప్పేది విస్పందనాలు, అంటే దగ్గరి స్వరాలు రెండు కలిసినప్పుడు వినబడే అదురు. 240 మీద పియానో గాంధారం 302.4. ఏ స్వరంతోనైనా దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల దగ్గర సన్నగా మోగేవి అనుస్వరాలు (హార్మోనిక్స్). షడ్జం ఐదో అనుస్వరం 1200, గాంధారం నాలుగో అనుస్వరం 1209.5. సెకనుకు తొమ్మిదిసార్లకు పైగా అదురు. గాంధారాన్ని మెల్లగా దించుతూ పోతే అదురు నెమ్మదించి 300 దగ్గర ఆగిపోతుంది. అందరూ ఒకే అచ్చు, ‘ఆ’ గానీ ‘ఓ’ గానీ పట్టుకోవాలి. అచ్చులు వేరైతే అనుస్వరాలు వేరుగా మోగి చెవిని మోసగిస్తాయి. ఇది కుదిరాక రెండో గాంధారం, ఆ తర్వాత మూడోది. సాధారణంగా రెండోదాని దగ్గరే పియానో అలవాటు గొంతును పైకి లాగుతుంది. మూడోది నిలిచాక పై షడ్జం పక్కన పెట్టి వినిపిస్తే, సెకనుకు పదకొండు అదురులతో ఆ సందు ప్రత్యక్షంగా వినబడుతుంది. అప్పుడు విచెంతీనో పాట ‘ముజికా ప్రిస్కా కాపుత్’ తీయాలి. అందులో మామూలు స్వరాల భాగం, సెమిటోన్ల భాగం, డియేసిస్ భాగం వరుసగానే ఉన్నాయి. ఆ వరుసలోనే నేర్పాలి.

దీన్ని చాదస్తమని పక్కన పెట్టేవాళ్ల వాదానికీ బలం లేకపోలేదు. డియేసిస్ గుర్తులతో మిగిలిన రచనలు చాలా తక్కువ, చాలావరకు తునకలే. స్వచ్ఛ శ్రుతి పట్టుకుంటే బృందం జారిపోతుందని 1585లో అచ్చయిన తన లేఖల్లో ఇటలీ గణితవేత్త బెనెదెత్తి లెక్కలు కట్టి చూపించాడు. షడ్జం 240 నుంచి కింది ద 200కు, అక్కడి నుంచి మధ్యమం దూరం పైకి రి 266.7కు, పంచమం కిందికి దిగి ప 177.8కు, మళ్లీ మధ్యమం దూరం ఎక్కి షడ్జానికి వస్తే తేలేది 237. అడుగడుగూ స్వచ్ఛమే, షడ్జం మాత్రం 21.5 సెంట్లు దిగింది. ఐదుసార్లు తిరిగితే సెమిటోన్ దాటి జారిపోతుంది.

జారే చోటు తెలిసినప్పుడు జారకుండా ఆపడమూ తెలుస్తుంది. దోషమంతా ఆ ‘రి’లో ఉంది. ద కోసం 266.7గా ఉన్న రి, ప కోసం 270గా ఉండాలి. మేళనం మారే క్షణంలో రి పట్టుకున్న గొంతు ఆ ఒక్క కామా, అంటే ఆ 21.5 సెంట్లు, పైకి జరిగితే షడ్జం 240 దగ్గరే దొరుకుతుంది. పాటలో అలాంటి చోట్లు ముందే గుర్తుపెట్టుకుంటే చాలు. దానికి భయపడి ప్రతి గాంధారాన్నీ 14 సెంట్లు చెడగొట్టుకోవడం ఏ రకంగా పరిష్కారం?

విచెంతీనో ఇంకో మాట అన్నాడు. ప్రపంచంలో ఏ జాతి వాళ్లయినా తమ మాటలో పలికే ఏటవాలులు స్వరాంతరాలకూ సెమిటోన్లకూ లొంగవని, వాటికన్నా సన్నని అంతరాలు అందులో ఉంటాయని, తన 31 భాగాలతో ఎవరి పాటనైనా రాసుకోవచ్చని. ఈ మాట మనకు కొత్తగా అనిపించకూడదు. తోడి గాంధారాన్ని ఏ మెట్టు మీద నొక్కి చూపిస్తాం? హార్మోనియం మన శ్రుతుల్ని మింగేస్తుందన్న వాదంతోనే కదా ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, 1971లో సడలించేదాకా స్టూడియోల్లోకి రానివ్వలేదు. వాద్యాన్ని నిషేధించడం తప్పే. ఆ ఆందోళన మాత్రం సరైనదే, ఈరోజు అది ఇంకా ఎక్కువ అవసరం. హైదరాబాద్‌లోనైనా డాలస్‌లోనైనా పిల్లలకు సరళీ స్వరాలు కీబోర్డు తోడుగా చెప్పించే ఇళ్లు ఉన్నాయి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి ముల్లు మధ్యకు వచ్చేదాకా పాడిస్తున్నారు. గమకం లేకుండా నిలిపిన అంతర గాంధారాన్ని పిల్ల సరిగ్గా 300 దగ్గర పాడితే, ముల్లు 14 సెంట్లు కిందికి చూపిస్తుంది. పిల్ల తప్పు పాడిందని ఇంట్లోవాళ్లు దిద్దుతారు. పుట్టుకతో వచ్చిన చెవిని చెడగొట్టడం అక్కడే మొదలవుతుంది.

టెంపరమెంట్ (శ్రుతి చేసే పద్ధతి) మార్చుకునే వీలున్న ట్యూనర్ అయితే పియానో తరహా సమ విభజన తీసేసి, షడ్జం ఆధారంగా స్వచ్ఛ శ్రుతి పెట్టుకోవాలి. ఆ వీలు లేకపోతే ఫోన్ పక్కన పెట్టి, జీవ (తీగ కింద పెట్టే దారం) సరిగ్గా కుదిరిన తంబురా దగ్గర పిల్లను కూర్చోబెట్టాలి. మంద్ర షడ్జం తీగ మీటి మాట్లాడకుండా వింటే, రెండు స్థాయిల పైన గాంధారం దానంతటదే పలుకుతుంది.