పాఠకులకు ప్రవేశం లేదు

మా ఊరి రచయితలందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. 1945లో కేరళలోని కొట్టాయంలో 12 మంది రచయితలు 120 రూపాయలతో సహకార సంఘం పెట్టి, తమ పుస్తకాలు తామే వేసుకున్నారని రిటైర్డ్ మాస్టారొకరు చెప్పేసరికి అందరికీ పౌరుషం పొడుచుకొచ్చింది. చందా మాట ఎత్తగానే అది కాస్తా చల్లారి, గ్రూపు దగ్గర ఆగింది. నడిపేదీ రచయితలే, ఉండేదీ రచయితలే అని నియమం. ఒకరిని అడ్మిన్ చేస్తే మిగతావాళ్లు అలుగుతారని అందరినీ అడ్మిన్లను చేశాం. దాంతో గ్రూపు పేరు పూటకొకటి. బొమ్మ సంగతి సరేసరి, ఎవరు ముందు నిద్ర లేస్తే వాళ్ల పుస్తకం అట్టే.

ఒకరోజు మాస్టారు తన కొత్త కథ పెట్టారు. డీటీపీ సెంటర్లో పాత ఫాంటులో కొట్టించిన కథ. అందులో మన అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో కూర్చుంటాయి. ఆ ఫాంటున్న కంప్యూటర్లో చూస్తే చక్కటి తెలుగు, ఫోన్లోకి తెస్తే కుర్చీలే మిగులుతాయి. ఏ భాష అక్షరాలకి ఆ కుర్చీలు వేసిపెట్టే యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే సొంత చోటుంది గానీ, ఆ కబురు మా సెంటరుదాకా రాలేదు.

నాలుగు పేజీలు. డాలర్లు, పౌండ్లు, తలకిందుల ప్రశ్నార్థకాలు. మందుకైనా ఒక్క తెలుగక్షరం లేదు.

రెండు నిమిషాల్లో కవయిత్రిగారు, "కళ్లు చెమర్చాయి మాస్టారూ!" అన్నారు. "మట్టివాసన గుప్పుమంది" అని ఇంకొకరు. మా విమర్శకుడు మొహమాటం ఎరగని మనిషి. "శిల్పం బాగుంది గానీ, ముగింపులో తొందరపడ్డారు" అని తేల్చేశాడు. "పేజీల పరిమితి బాబూ" అని మాస్టారు వినయంగా ఒప్పుకున్నారు. ఆయనా తెరిచి చూసుకోలేదన్నమాట! నేను ఒక నమస్కారం బొమ్మ పెట్టాను. దానికి ఎవరూ వివరణ అడగరు.

సాయంత్రం ఒక మెసేజ్ వచ్చింది. "సార్, ఇది కన్వర్ట్ అవలేదు. ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

కథ కొట్టిన డీటీపీ కుర్రాడే. అట్టల డిజైన్ల కోసం ఎవరో గ్రూపులో చేర్చారు. పది నిమిషాలు ఎవరూ పలకలేదు. ఆ తర్వాత కవయిత్రిగారు మెల్లగా, "ఇంతకీ ఈ అబ్బాయి ఏం రాశాడండీ?" అన్నారు.

ఏమీ రాయలేదు. చదువుతాడు, అంతే. నియమం నియమమేగా! తీసెయ్యడానికి అడ్మిన్లు పోటీలు పడ్డారు.

కథ మాత్రం ఉగాది సంకలనానికి ఏకగ్రీవంగా ఎంపికైంది. డీటీపీ ఎవరికివ్వాలన్నదే ఇప్పుడు చర్చ.