గ్నోమ్ పీకేయమన్న మహానుభావుడెవరో గానీ

మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఒకడు పెట్టాడు, వీధి గ్రూపులో ఇంకొకడు, నిన్న మా బావగారు కూడా "చూడు, నీకు పనికొస్తాది" అని అదే పంపారు. "పాత ల్యాప్‌టాప్ పారేయకండి, ఉబుంటులో ఈ మూడు కమాండ్లు కొట్టండి, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో రాకెట్‌లా పరిగెడుతుంది, పది మందికి షేర్ చేయండి." షేర్ మాత్రం బ్రహ్మాండంగా చేస్తున్నారు. పంపినోళ్లలో ఒక్కడైనా ఆ కమాండ్లు తన మెషీన్లో కొట్టి చూశాడా అంటే లేదు, అందులో ఇద్దరు విండోస్ వాడతారు.

తెలియనోళ్లకి: ఉబుంటు అంటే విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్, గ్నోమ్ దాంతో పాటు వచ్చే డెస్క్‌టాప్, అంటే మనకి కనిపించే తెర, మెనూలు; ఎక్స్‌ఎఫ్‌సీఈ దాని బదులు వేసుకునే తేలికపాటిది. ఆ మెసేజ్‌లో చిన్నవి ముందు అవగొట్టేద్దాం. "లేటెస్ట్ టెక్నాలజీ" అట. ఎక్స్‌ఎఫ్‌సీఈని ఒలివియే ఫూర్డాన్ 1996లో మొదలెట్టాడు, గ్నోమ్ కన్నా ఏడాది పెద్దది. "విండోస్‌లా కనిపిస్తుంది కాబట్టి విండోస్ సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయి" అట. అలాగైతే ఎర్ర రంగేయించి నా స్కూటీని పార్వతీపురం బస్సుగా తిప్పుతాను, టికెట్లు మీరు కొట్టండి. "వైరస్ రాదు" అట. డెస్క్‌టాప్‌కీ దానికీ ఏటి సంబంధం, వదిలేయండి.

"4 జీబీ రామ్ 16 జీబీలా పనిచేస్తుంది." ఇందులో పిసరంత నిజముంది. నా పాత 4 జీబీ ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయ్యి ఏదీ తెరవకుండా, రామ్ ఎంత వాడుతోందో చెప్పే ఫ్రీ కమాండ్ కొట్టి చూస్తే గ్నోమ్‌కీ దీనికీ సుమారు 400 ఎంబీ తేడా వచ్చింది, 4 జీబీ వాడికి అది తక్కువేం కాదు. కానీ తర్వాత బ్రౌజర్ తెరిచి పదిహేను ట్యాబులు పెడితే ఆ ట్యాబులు తినేది ఏ డెస్క్‌టాప్‌లోనైనా తింటాయి కదా. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించిన రోజు చూసిన స్పీడు ముందు ఈ 400 ఎంబీ ఎంత.

ఇప్పుడు అసలు దరిద్రం. మూడో కమాండు. "రెండు డెస్క్‌టాప్‌లు ఒకే సిస్టమ్‌లో ఉంటే కొట్టుకుంటాయి, పాతది తీసేయాలి" అని చెప్పి సుడో ఆప్ట్ పర్జ్ డ్యాష్ వై గ్నోమ్ స్టార్, వెనకాలే ఆటోరిమూవ్ డ్యాష్ వై. అంటే గ్నోమ్ అని మొదలయ్యేవన్నీ పీకేయ్, ఆ తర్వాత వాటికోసమే ఉన్నవీ పీకేయ్ అని. ఆ డ్యాష్ వై చూశారా? ఉబుంటులో సాఫ్ట్‌వేర్లు వేసేది, తీసేది ఆప్ట్. మామూలుగా అది ఏవేవి తీసేస్తుందో పొడుగాటి లిస్టు చూపించి, తియ్యమంటావా వద్దా అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న చాలామంది కొంపలు కాపాడింది. ఈ మహానుభావుడు ఆ ప్రశ్న కూడా అడగకుండా నోరు మూయించి పంపాడు.

మా మేనల్లుడు చీపురుపల్లిలో ఉంటాడు, డిగ్రీ ఫైనలియర్, ప్రాజెక్ట్ ఇచ్చే ముందు వారం ఇదే కొట్టాడు. పొద్దున్నే ఫోను: "మావయ్యా, ఏటో అయిపోనాది, నల్లగా వచ్చి లాగిన్ అని అడుగుతోంది, పాస్‌వర్డ్ కొడితే చుక్కలు కూడా పడట్లేదు." చుక్కలు పడవురా, కొట్టి ఎంటర్ నొక్కు అన్నాను, వాడికి నమ్మకం కుదర్లేదు, ప్యాసింజరెక్కి విజయనగరం వచ్చేశాడు. తెరిచి చూస్తే సిరిమాను జాతరలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లాడిలా మూల కర్సర్ ఒక్కటీ మిటుకు మిటుకుమంటోంది. ఆప్ట్ తన చిట్టా ఒకటి రాసుకుంటుంది, హిస్టరీ డాట్ లాగ్ అని, అది తీస్తే ఆ రాత్రి పోయినవన్నీ వరసగా ఉన్నాయి. గ్నోమ్ తెరంతా నడిపే గ్నోమ్ షెల్, సెట్టింగ్స్, టెర్మినల్, వాటితో పాటు జీడీఎం3. లాగిన్ స్క్రీన్ చూపించేది అదే, అది గ్నోమ్ షెల్ మీద ఆధారపడి ఉంటుంది, షెల్ పీకితే అదీ వెనకాలే పోతుంది. ఇల్లు మారుతున్నామని వీధి గుమ్మం పీకేసుకోడం అన్నమాట.

లాగిన్ అయ్యి, ఎక్స్‌ఎఫ్‌సీఈని నేరుగా లేపే స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అని కొట్టాను. దాని గుర్తు ఎలక బొమ్మతో సహా ఎక్స్‌ఎఫ్‌సీఈ శుభ్రంగా లేచింది, పాపం అది అక్కడే ఉంది, దాన్ని పిలిచే నాథుడే లేడు. వైఫై ఐకాన్ లేదు, ఫోన్ కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్‌తో నెట్ ఇచ్చి, జీడీఎం3 లాగే లాగిన్ స్క్రీన్ చూపించే లైట్‌డీఎం వేశాను, అయిపోయింది. ఫైళ్లు ఒక్కటీ పోలేదు. వాడు మాత్రం మధ్యాహ్నం దాకా అన్నం తినలేదు.

కొట్టుకుంటాయట! ఏం కొట్టుకుంటాయి బాబూ? ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగులు దాని ఫోల్డర్లో అది పెట్టుకుంటుంది, గ్నోమ్‌వి గ్నోమ్ పెట్టుకుంటుంది. లాగిన్ స్క్రీన్లో మీ పేరు నొక్కాక కింద కుడి మూల పళ్లచక్రం గుర్తు వస్తుంది, అది నొక్కి ఏది కావాలో ఎంచుకుంటే ఆ పూటకి అదే లేస్తుంది, రెండోది డిస్క్ మీద పడుకుని ఉంటుంది, రామ్ తినదు. మహా అయితే మెనూలో రెండు ఫైల్ మేనేజర్లు, రెండు టెర్మినళ్లు కనపడి కాస్త గజిబిజి. ఎక్స్‌ఎఫ్‌సీఈతో పాటు దాని సరంజామా అంతా తెచ్చే క్సుబుంటు డెస్క్‌టాప్ అనే పెద్ద ప్యాకేజీ వేస్తే మధ్యలో జీడీఎం3 కావాలా లైట్‌డీఎం కావాలా అని అడుగుతుంది, ఏది నొక్కినా కొంప మునగదు. వేసుకోండి, నెల రోజులు వాడండి, నచ్చకపోతే మళ్లీ ఆ చక్రమే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ చివర్లో "గమనిక: తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది రావచ్చు" అని ఉంది, అది చూసి నేనే ముందు నవ్వాను. తీరా నా ల్యాప్‌టాప్‌లో నిజంగానే పోయింది. గ్నోమ్‌లో సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే పైన పట్టీలో భాష మార్చే గుర్తు దానంతట అదే వస్తుంది, ఎక్స్‌ఎఫ్‌సీఈలో మాత్రం తెలుగు టైప్ చేయించే ఐబస్‌ని మనమే లేపాలి. ఏ టైపింగ్ ప్రోగ్రామ్ వాడాలో ఎంచుకునే ఐఎం కాన్ఫిగ్‌లో ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయ్యి మళ్లీ వచ్చి, ఐబస్ సెటప్‌లో తెలుగు చేర్చుకోవాలి. నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను, తెలుగైతే వచ్చింది గానీ ఒత్తులు పడాల్సిన చోట చిన్న డబ్బా ఒకటి తేలి పక్కకి జరుగుతోంది. అందుకని ఇదంతా గ్నోమ్‌లోకి వచ్చే టైప్ చేస్తున్నాను.