మిద్దె మీద మూడడుగుల మడా?

"మడి ఎంత లోతుంటే కాపు అంత. మిద్దె మీదైనా, పెరట్లోనైనా ఎత్తు మడికి 3 అడుగులు తగ్గకూడదు. అడుగున అరడుగు కంకర తప్పనిసరి. ఒకసారి నింపితే 5 ఏళ్లు మట్టి ముట్టుకోనక్కర్లేదు. మంగళవారం మట్టి పోయకూడదు." తిరుపతి తోటల గ్రూపుల్లో ఈ మెసేజ్‌కు చావు లేదు. దండం బొమ్మ తగిలించి పంపేవాళ్లలో ఒక్కరైనా మట్టి బరువు లెక్కేశారా?

తడిసిన ఎర్రమట్టి ఘనపుటడుగుకు 45–50 కిలోలు. 3 అడుగుల లోతంటే చదరపు అడుగు మీద 135 కిలోలకు తక్కువ కాదు. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 (కట్టడాల మీద భారాలు లెక్కగట్టే భారతీయ ప్రమాణం) ప్రకారం లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు, అంటే చదరపు అడుగుకు 14 కిలోలు. పదింతలు! 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడి ఒక్కటే నాలుగున్నర టన్నులు తూగుతుంది. పడకగది నెత్తిన నాలుగైదు చిన్న కార్లు పేర్చుకున్నట్టు. స్లాబు ఆ రోజే కూలదు కాబట్టే అందరికీ ధైర్యం. ముందు కొంచెం వంగుతుంది, కింద వెంట్రుక మందాన పగుళ్లొస్తాయి, వాటిలో తేమ చేరి కమ్మి తుప్పు పడుతుంది, పెచ్చులు రాలతాయి. "మా మిద్దె ఆపిందే" అని ఎండాకాలంలో చెప్పేవాళ్లు కార్తీకం దాకా ఆగండి. మనకు పెద్దవానలు అప్పుడే. 2021 నవంబరు వరదలు అప్పుడే మరిచిపోయారా?

ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపొట్టు), మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపితే బరువు మూడో వంతు దాకా తగ్గుతుంది. అయినా అడుగు లోతుకే లెక్క దాటుతుంది. అందుకే మడులు స్లాబు నడిమధ్యన వద్దు, కింద గోడలూ బీములూ ఉన్నచోట, ఎడం ఎడంగా పెట్టాలి. పాత మిద్దెయితే ఇంజనీరు చూశాకే.

లోతు పంటను బట్టి. తోటకూర, మెంతి, కొత్తిమీరకు 6–8 అంగుళాలు చాలు. ముల్లంగికి అడుగు. టమాటా, వంగ, మిరప, బెండకు 12–15 అంగుళాలు. సొర, బీర, కాకరకు 18. మామూలు కూరగాయలు ఇంతకు మించి అడగవు.

ఇక కంకర. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి పడుకోబెట్టి పట్టుకోండి. కారడం ఆగాక నిలబెట్టండి, మళ్లీ కారుతుంది. మట్టీ అంతే: ఎంత ఎత్తు పోసినా అడుగున కొంత మందం తడిని పట్టుకునే ఉంటుంది. అది పూర్తిగా నిండేదాకా నీళ్లు కంకరలోకి దిగవు. అరడుగు కంకర పోస్తే ఆ బురద పట్టీ అరడుగు పైకొచ్చి వేళ్లకు తగులుతుంది, అంతే. పైగా దాని బరువొకటి. మడి అడుగుభాగాన అడుగు దూరానికొకటి చొప్పున అరంగుళం రంధ్రాలు పెట్టి, కొబ్బరి పీచు పరిచి, మడిని ఇటుకల మీద ఎత్తండి. కింద నీళ్లు గొట్టం దాకా పారాలి.

5 ఏళ్ల మాటా? ఎరువు కుళ్లేకొద్దీ మట్టి కుంగుతుంది, ఏటా రెండు మూడు అంగుళాలు నింపాల్సిందే. మంగళవారం సంగతంటారా, బుధవారం పోయండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఏప్రిల్, మే ఎండలకు 6 అంగుళాల మడి మధ్యాహ్నానికే ఎండిపోతుంది. ఆ రెండు నెలలు ఆకుకూర తినాలనుకుంటే దానిక్కూడా అడుగు లోతు మంచిదే, పైన వరిగడ్డి కప్పి.

పెరట్లో అయితే మడికి అడుగు మూయకండి. కింది నేలను గడ్డపారతో ఓ అడుగు గుల్ల చేస్తే, పైన 8 అంగుళాలున్నా వేళ్లు వాటి దారి అవి చూసుకుంటాయి. కింద బండ తగిలితే మాత్రం 18 అంగుళాలు కట్టండి. పెరట్లో 3 అడుగులు కట్టినా కూలేదేమీ లేదు లెండి, మడికో ట్రాక్టరు మట్టి డబ్బు తప్ప.